‘ఙ’తో మొదలయ్యే మాటలు

కిందటి సంచికలో బర్మీసు కుటుంబానికి చెందిన చిన్న భాషలను చెబుతూ అచాంగ్ అంతరించే భాష అని ఒక్క వాక్యంలో ప్రస్తావించాం. చైనాలోని యునాన్ రాష్ట్రంలో, బర్మా సరిహద్దును ఆనుకుని ఉన్న దెహోంగ్ ప్రాంతపు భాష అది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని మీదే కాబట్టి ఈ పేజీ మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: మా తాతగారు రంగం (రంగూన్)లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చారు. బర్మా అంకెలు మాకూ నేర్పారు. అచాంగ్ అంటే బర్మీసులో ఒక యాసా, వేరే భాషా? అంకెలు కలుస్తాయా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వేరే భాషే. తెలుగుకి గోండీ ఎలాంటి చుట్టమో, బర్మీసుకి అచాంగ్ అలాంటి చుట్టం. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. అంకెలు పక్కపక్కన పెడితే మాత్రం రక్తసంబంధం బయటపడుతుంది.

మూడు తీసుకోండి. మీ తాతగారు ‘తౌఁ’ అన్నట్టు ముక్కుతో ముగించి ఉంటారు. కానీ బర్మీసు రాతలో అది ‘సుం’. హుసా లోయలోని అచాంగ్‌లు ఈనాటికీ ‘సుమ్’ అని పెదవులు మూసే పలుకుతారు. ఆరుని బర్మీసులో ‘ఖ్రోక్’ అని రాసి ‘ఛౌ’ అని పలుకుతారు. అచాంగ్‌లో మొదటి హల్లు గొంతులోంచి గరగరమంటూ వస్తుంది, దాని వెనకే నాలుక మడిచి పలికే మరో ధ్వని, చివర ఊపిరి టక్కున ఆగుతుంది. అంటే రాతలో కనిపించే జంట హల్లు అక్కడ నోట్లో బతికే ఉంది. తొమ్మిది బర్మీసు నోట ‘కో’, అచాంగ్ నోట ‘కావ్’. అయిదు బర్మీసులో ‘ఙా’, అచాంగ్‌లో ‘ఙొ’.

నాలుగు దగ్గర మీరు ఆగిపోతారు: బర్మీసులో ‘లే’, అచాంగ్‌లో ‘మి’. పోలికే లేదనిపిస్తుంది. మూలరూపంలో మొదట బకారం, వెంటనే లకారం ఉండేవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. బర్మీసు లకారాన్ని ఉంచుకుంది. అచాంగ్ వైపు పెదవులతో పలికే హల్లు మిగిలి మకారమైంది.

బర్మీసు రాత ఎందుకు పాతగా ఉందంటే, అది స్థిరపడింది పగాన్ రాజుల కాలంలో. 1113 నాటి మ్యజేది శాసనంలో పాళీ, ప్యూ, మోన్ భాషలతో పాటు బర్మీసూ ఉంది. ఆనాటి అక్షరాలను నిజంగా అలాగే పలికేవారా అన్న సందేహం వచ్చినప్పుడు పరిశోధకులు వెళ్లి అడిగేది అచాంగ్, జైవా, లాషీ, మరూ లాంటి కొండభాషలనే. తొమ్మిది వందల ఏళ్ల నాటి బర్మీసుకి వీళ్ల నోరే సాక్షి.

ప్రశ్న: చైనా జనగణనలో అచాంగ్‌లు 39 వేల పైచిలుకు అని చదివాను. అంతమంది ఉండగా అంతరించే భాష అని ఎలా అంటున్నారు? (విజయనగరం నుంచి ఒక ఉపాధ్యాయిని)

జవాబు: మీరు చెప్పింది 2010 లెక్క: 39,555. 2000లో 33,936. పెరిగింది కూడా. కానీ అది జాతి లెక్క. ‘మీదే జాతి?’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులవి. ‘నిన్న రాత్రి మనవడితో ఏ భాషలో మాట్లాడావు?’ అని అక్కడెవరూ అడగలేదు. ఈ తేడా పట్టుకోకపోతే ఏ చిన్న భాష సంగతీ అర్థం కాదు.

చైనాలో అచాంగ్‌కి ప్రధానంగా మూడు మాండలికాలు. లోంగ్‌ఛువాన్ జిల్లాలోని హుసా లోయది ఒకటి, ల్యాంగ్‌హ జిల్లాది ఇంకొకటి, మాంగ్‌షి వైపుది మరొకటి. వీటి మధ్య దూరం చాలా ఎక్కువ. హుసా మనిషి, ల్యాంగ్‌హ మనిషి ఎదురుపడితే తరచు చైనీస్‌లోకి దిగాల్సిందే. దీంతో ఒకచోట తయారైన పాఠాలు, పాటలు రెండోచోట పనికిరావు. నలభై వేల మంది భాష అనుకున్నది నిజానికి మూడు చిన్న ముక్కలు.

ఆ ముక్కల తలరాతలూ వేరు. హుసాలో అచాంగ్ ఊళ్లు గుంపుగా, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. జనం తేరవాద బౌద్ధులు. దాయ్ భాష నుంచి, బర్మీసు నుంచి మాటలు బాగా తెచ్చుకున్నారు. అయినా ఇంటిమాట నిలిచింది. ల్యాంగ్‌హలో ఊళ్లు చైనీస్ మాట్లాడే హాన్‌ల ఊళ్లతో కలిసిపోయి ఉంటాయి. బడి, సంత, పెళ్లిసంబంధం అన్నీ ఆ భాషలోనే. చాలా ఇళ్లలో పెద్దలు తమలో తాము అచాంగ్ మాట్లాడుకుని, పిల్లల వైపు తిరగ్గానే చైనీస్‌లోకి మారతారు. భాష పోయేది సరిగ్గా ఆ తిరగడంలో.

దీన్ని కొలిచే పద్ధతి ఉంది. 2003లో యునెస్కో నిపుణులు తొమ్మిది అంశాలు పెట్టారు. మొదటిది తరం నుంచి తరానికి అందడం, దానికి 5 నుంచి 0 దాకా మార్కులు. పిల్లలతో సహా అందరూ మాట్లాడితే 5. పిల్లల్లో కొందరే మాట్లాడినా, అందరూ ఇంట్లో మాత్రమే మాట్లాడినా 4. అమ్మానాన్నల తరం దగ్గర ఆగితే 3. తాతల దగ్గర ఆగితే 2. ముత్తాతల తరంలో కొద్దిమందే మిగిలితే 1. మాట్లాడేవాళ్లే లేకపోతే 0. మొత్తం భాషకి ఒకే మార్కు వేయకండి, ఊరూరికీ విడిగా వేయండి. సగటు తీస్తే హుసా బలం ల్యాంగ్‌హ జబ్బును కప్పేస్తుంది.

ఇంకా చిన్న ముక్క కావాలంటే యింగ్‌జ్యాంగ్ జిల్లాలోని సియెన్‌దావ్ భాషను చూడండి. అచాంగ్‌కి అతి దగ్గరి చుట్టం. 2000 తర్వాత తొలి ఏళ్లలో పరిశోధకులు లెక్కపెడితే ఆ జనం మొత్తం వందకు లోపే. చుట్టూ ఉన్న చింగ్‌ఫో, చైనీస్ భాషల్లోకి వాళ్లు వెళ్లిపోతున్నారు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇంట్లో రెండు భాషలుంటే చిన్నది ఓడిపోక తప్పదంటారు. నిజమేనా? (ఒక పాఠకురాలు)

జవాబు: తప్పదని లేదు. దెహోంగ్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. చింగ్‌ఫో జాతి కింద లెక్కించే జనంలో చింగ్‌ఫో, జైవా, లాషీ, మరూ, బోలా అని శాఖలున్నాయి, ఒక్కో శాఖకి ఒక్కో భాష. బోలా వాళ్లు కొన్ని వందల మందే. శాఖల మధ్య పెళ్లిళ్లు మామూలు. ఆ ఇళ్లలో భర్త తన భాషలో మాట్లాడితే భార్య తన భాషలో జవాబిస్తుంది. పిల్లలు నాన్నతో నాన్న మాట, అమ్మతో అమ్మ మాట మాట్లాడతారు, తమ భాష ఏదంటే నాన్నదే చెబుతారు. చిన్న శాఖల భాషలు ఇన్ని తరాలు నిలవడానికి ఈ కట్టుబాటు పెద్ద ఆసరా.

అది పనిచేసేది మనిషికీ భాషకీ ముడి తెగనంతకాలమే. పిల్లాడు ఇంగ్లీషులో అడిగితే మీరూ ఇంగ్లీషులో జవాబు చెప్పారనుకోండి, ఆ ముడి వదులైనట్టే. అడిగింది ఏ భాషలోనైనా సరే, మీ జవాబు తెలుగులోనే ఉండాలి.

ప్రశ్న: అచాంగ్ మాటలు తెలుగులో రాయగలమా? పలకడం కష్టమా? (గుంటూరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: సగం రాయగలం. మన వర్ణమాలలో ‘ఙ’ ఉంది కానీ దానితో మొదలయ్యే మాట మనకి లేదు. అచాంగ్‌లో ‘నేను’ అన్న మాటే దానితో మొదలవుతుంది, ‘అయిదు’ కూడా. నేర్చుకోవడం సులువు. ‘గంగ’ అని మొదలుపెట్టి రెండో ‘గ’ రాకముందే ఆగండి. నాలుక వెనక భాగం అంగిటికి అంటుకుని, గాలి ముక్కులోంచి పోతుంటుంది. అలాగే రెండు సెకన్లు లాగండి. ఇప్పుడు ముందున్న ‘గ’ వదిలేసి ఆ లాగడంతోనే మొదలుపెట్టి ‘ఒ’ కలపండి: ఙొ. మనవాళ్లు చేసే తప్పు ‘ంగొ’ అనడం. నాలుకను ఫట్టున విడిపిస్తే గకారం దూరిపోతుంది. మెల్లగా విడిపించండి.

రెండో రకం ధ్వనులు మన వర్ణమాలలో అసలు లేవు: శ్వాసతో పలికే మ, న, ఙ, ల. హుసా మాండలికంలో ఇవి మామూలు ధ్వనులు, ‘ముక్కు’ అన్న మాట అలాంటి నకారంతోనే మొదలవుతుంది. బర్మీసు రాతలో ఇలాంటి హల్లుకి హకారపు గుర్తు తగిలిస్తారు. ముందు నాలుకను ‘న’ స్థానంలో పెట్టి నోరు మూసినట్టే ఉంచండి. గొంతు మోగకుండా ముక్కుతో గాలి వదలండి. తర్వాత గొంతు మోగించి అచ్చు పలకండి. ముక్కు కింద చిన్న అద్దం పెడితే అచ్చు రాకముందే ఆవిరి కనిపించాలి. గొంతు మీద వేలు ఆనిస్తే ఆ క్షణంలో అదురు ఉండకూడదు. తెలుగు నోరు ఇక్కడ ‘హన’ అని రెండు అక్షరాలు చేస్తుంది, లేదా ‘చిహ్నం’లోలాగా తిప్పి పలుకుతుంది. రెండూ తప్పే.

వీటి మీద స్వరస్థాయి, అంటే గొంతు హెచ్చుతగ్గులు కూడా అర్థాన్ని మారుస్తాయి కాబట్టి స్థాయి గుర్తు లేని తెలుగు రాత జ్ఞాపకానికి తప్ప చదవడానికి చాలదు.

ప్రశ్న: ఈ జనానికి సొంత పురాణం, సొంత పని ఏమైనా ఉన్నాయా? (తెనాలి)

జవాబు: రెండూ ఉన్నాయి, రెండూ 2006లో చైనా జాతీయ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఒకటి ఆకాశాన్ని చేసిన జపామా, భూమిని నేసిన జమీమా కథ. ఆమె తన ముఖం మీది వెంట్రుకలు పీకి వాటితో నేల నేసిందట, ఆడవాళ్లకి గడ్డం లేకపోవడానికి కారణం అదేనట. ల్యాంగ్‌హ వైపు హువోపావ్ అనే పూజారులు దీన్ని క్రతువుల్లో పాడతారు. పాట పాతభాషలో ఉంటుంది, వినే కుర్రవాడికి రోజువారీ అచాంగే రాకపోతే ఇక పాట ఎలా ఎక్కుతుంది? రెండోది హుసా కత్తి. కాల్చి సాగగొట్టడం నుంచి పిడి, ఒర దాకా చాలా దశలున్నాయి. అందులో ప్రాణం ఎర్రగా కాల్చిన ఇనుమును ముంచి చల్లార్చడం: వేడి ఎక్కువైతే అంచు పెళుసై విరుగుతుంది, తక్కువైతే మెత్తబడి వంగుతుంది. ఆ ఎరుపు ఛాయలకు కొలిమి దగ్గర వాడే పేర్లను పనిలో ఉండగానే రికార్డు చేయాలి. పనివాణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టి అడిగితే అవి రావు.

ప్రశ్న: మా దగ్గర కొలామీ మాట్లాడే పెద్దలున్నారు. వాళ్ల మాట రికార్డు చేద్దామనుకుంటున్నాం. అచాంగ్ లాంటి భాషలకు వాడిన పద్ధతి మాకు పనికొస్తుందా? (ఉట్నూరు నుంచి కొందరు యువకులు)

జవాబు: తప్పకుండా పనికొస్తుంది. మొదట అనుమతి అడగండి: ఎందుకు, ఎక్కడ పెడతారు, ఎవరు వింటారు అన్నది వాళ్ల భాషలోనే చెప్పించి, ‘సరే’ అన్నది కూడా రికార్డు చేయండి.

ఫైలు వేవ్ (WAV) రూపంలో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లతో, ఒక్క మైకుతో పెట్టండి. నిమిషానికి 8.6 ఎంబీ అవుతుంది, గంటకు 520 ఎంబీ దాకా. ఎంపీ3 వద్దు. ఫోనులో శబ్దం తగ్గించే అమరిక ఉంటే ఆపేయండి. శ్వాస మ, న లాంటి మెత్తని ధ్వనులను అది రొద అనుకుని తుడిచేస్తుంది, తర్వాత తిరిగి తేలేరు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి, ఎదురుగా పెడితే ప, ఫ దగ్గర ఊపిరి తగులుతుంది. ఫ్యాను, రేకుల కప్పు, కోళ్లు ఈ మూడూ లేని చోటు చూసుకోండి.

రెండు వందల మాటల పట్టికతో మొదలుపెట్టండి: శరీరం, చుట్టరికాలు, నీరు, నిప్పు, అంకెలు. ప్రతి మాటా మూడుసార్లు చెప్పించండి. మొదటిసారి గొంతు తడబడుతుంది, మూడోసారి ముగింపు దీర్ఘం తీస్తుంది, నమ్మదగింది మధ్యదే. స్వరస్థాయితో అర్థం మారే అచాంగ్ లాంటి భాషలో అదీ చాలదు, ‘నేను ... అన్నాను’ వంటి ఒకే వాక్యంలో ప్రతి మాటనూ ఇరికించి చెప్పిస్తారు. కొలామీలో స్వరస్థాయి మాట అర్థాన్ని మార్చదు కాబట్టి మీకు ఆ బాధ తక్కువ.

వేలు చూపి ‘ఇదేమిటి?’ అని అడగకండి. కొండను చూపిస్తే ‘వేలు’ అని చెప్పినవాళ్లున్నారు. ‘మామ’ అని తెలుగులో అడిగితే తెలుగు మాటే తిరిగొస్తుంది, ‘అమ్మ తమ్ముణ్ణి ఎలా పిలుస్తారు?’ అని అడగండి. పట్టిక అయ్యాక తప్పకుండా కబుర్లు రికార్డు చేయండి, ఇద్దరు పెద్దలు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా. పట్టికలో మాటలే దొరుకుతాయి, వాక్యం ఎలా కడతారన్నది కబుర్లలోనే తెలుస్తుంది.

ఒక్క నిమిషం మాటను రాసి, అర్థం కట్టి, సరిచూడడానికి గంట పట్టడం మామూలే. ఈలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శబ్దం కింద రాత వరసలు కట్టుకోవచ్చు. అందుకే పది గంటలు రికార్డు చేసి పెట్టెలో పడేయకుండా, అరగంట చేసి అది పూర్తిగా రాశాక రెండో అరగంటకి వెళ్లండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, మాట్లాడినవారి గుర్తు పెట్టండి. మూడు నకళ్లు చేసి రెండు వేర్వేరు ఊళ్లలో ఉంచి, మూడోది మాట్లాడిన పెద్దవాళ్ల ఇంట్లో ఇవ్వండి, వాళ్ల ఫోనులో తెరుచుకునే రూపంలో.