అందరికీ అక్కనే... నా ప్రాజెక్టు మాత్రం కదలట్లేదు!

ప్రశ్న: ఎంటెక్ రెండో ఏడాది చదువుతున్నా. గేట్ స్టైపెండ్ వస్తోంది. బీటెక్ మొదటి సంవత్సరం వాళ్ల ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో టీఏగా (టీచింగ్ అసిస్టెంట్) చేస్తున్నా. రాత్రి పదకొండింటికీ ఫోన్లు చేసి డౌట్లు అడుగుతారు. రికార్డులూ రాసిపెట్టమంటారు. కాదనలేను. గైడ్ చిరాకు పడుతున్నారు. ‘నువ్వెళ్లింది చదువుకోవడానికా, చదువు చెప్పడానికా?’ అంటారు నాన్న. తెలుగు మీడియంలో చదివి వచ్చిన ఒకబ్బాయి ‘ఇక నావల్ల కాదక్కా’ అంటుంటే భయమేస్తోంది.
– ఒక సోదరి

జవాబు: ముందు మీ నాన్నగారి సంగతి. నెలనెలా వచ్చే 12,400 రూపాయలు ఊరికే ఇచ్చేవి కావనీ, వారానికి 8 గంటలు ఇలాంటి పని చేయాలన్నది ఆ స్టైపెండ్ షరతనీ చెప్పండి. ఆ ఎనిమిది మీకూ గుర్తుండాలి మరి. ఫోన్లూ రికార్డులూ కలిపి ఎన్ని గంటలు పోతున్నాయో ఓ వారం రాసుకుని, ఆ కాగితంతోనే గైడ్ దగ్గరకు వెళ్లండి. ‘టైం చాలట్లేదు సర్’ అంటే సాకులా ఉంటుంది.

ల్యాబ్‌లో ఎవరో కరెంటును కొలిచే అమ్మీటర్‌ను సిరీస్‌లో కాకుండా ప్యారలల్‌గా కలిపేస్తారు. ఫ్యూజు పోతుందన్న కంగారులో మీరే వైరు లాక్కుని సరిచేస్తారు, అవునా? అది మానండి. సప్లై ఆన్ చేయకముందే, కరెంటు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో వేలు పెట్టి చూపించమనండి. చాలామంది తప్పు అక్కడే దొరికిపోతుంది, రాత్రి ఫోన్లూ తగ్గుతాయి. మిగిలిన డౌట్లకు సాయంత్రం ఒక గంట, అందరికీ ఒకేచోట. రికార్డు మాత్రం ఒక్క పేజీ కూడా రాసివ్వొద్దు, రేపు వైవాలో (మౌఖిక పరీక్షలో) నోరు విప్పాల్సింది వాళ్లే. (‘అక్కకి పొగరు’ అంటారు. అననివ్వండి.)

ఆ అబ్బాయికి మాత్రం ఈ గంటల లెక్క పెట్టకండి. పాఠం తెలుగులోనే చెప్పండి, జవాబు ముందు తెలుగులో చెప్పించి తర్వాత ఇంగ్లిషులో అనిపించండి. అయితే ‘నావల్ల కాదు’ అన్నది చదువు గురించా, బతుకు గురించా? సూటిగా అడగండి. అడిగితే లేనిపోని ఆలోచన వస్తుందేమోనని జంకొద్దు. ప్రాణం తీసుకోవాలన్న మాట ఏమాత్రం వినిపించినా ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. ఒంటరిగా వదలకుండా, అప్పటికప్పుడు వార్డెన్‌కూ ఫ్యాకల్టీ అడ్వైజర్‌కూ చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరిచ్చి ఊరుకోకుండా పక్కన కూర్చుని మీరే కలిపివ్వండి.