సోషల్ ఇంపాక్ట్ బాండ్ల రంగంలో పనిచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: ఆర్థికశాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సంక్షేమ కార్యక్రమాలకు ముందు ప్రైవేటు పెట్టుబడి తెచ్చి, ఫలితం వస్తేనే ప్రభుత్వం చెల్లించే సోషల్ ఇంపాక్ట్ బాండ్ల గురించి చదివాక ఆ రంగంలో పనిచేయాలన్న ఆసక్తి కలిగింది. ఫైనాన్స్‌లో ఎంబీఏ చేస్తే సరిపోతుందా?

జవాబు: ఎంబీఏ పనికిరాదని అనను కానీ, మీరు మొదలుపెట్టవలసింది అక్కడ కాదు. పేరులో బాండ్ అని ఉన్నా ఇది నిర్ణీత వడ్డీ ఇచ్చే మామూలు బాండ్ కాదు, కొన్ని కాంట్రాక్టుల కూర్పు. ఇన్వెస్టరు ముందుగా డబ్బు పెడితే సేవాసంస్థ దానితో కార్యక్రమం నడుపుతుంది. ఫలితం వచ్చిందో లేదో ఒక స్వతంత్ర సంస్థ తేలుస్తుంది. వచ్చిందంటే ప్రభుత్వమో దాతృత్వ సంస్థో అసలుతో పాటు కొంత రాబడి చెల్లిస్తుంది, లేదంటే ఇన్వెస్టరుకు నష్టం. ఇందులో డబ్బు లెక్కలు చూడగలవారు సులువుగానే దొరుకుతారు. ఏది ఫలితమో తిరకాసు లేకుండా రాసి, దాన్ని నిజాయితీగా కొలవగలవారే తక్కువ.

ఈ పద్ధతికి నాంది పలికిన కాంట్రాక్టునే తీసుకోండి. 2010లో ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో జైలు నుంచి, ఏడాదిలోపు శిక్ష అనుభవించి విడుదలయ్యేవారు మళ్లీ నేరాలు చేయకుండా చూడడం దాని ఉద్దేశం. విడుదలైన వ్యక్తికి ఏడాదిలోపు మళ్లీ శిక్ష పడిందా లేదా అని మాత్రమే చూస్తే కొలవడం తేలిక. అయితే అలా చేస్తే, ఒకసారి తప్పు చేసి దొరికినవాడి మీద ఇక శ్రమ పెట్టడం సేవాసంస్థకు దండగ అవుతుంది, ఎందుకంటే లెక్కలో అతను అప్పటికే ఓటమి కింద జమ. అందుకని ఎంతమందికి అని కాకుండా ఎన్నిసార్లు శిక్ష పడిందని లెక్కించాలని ఒప్పందంలో రాసుకున్నారు. దాంతో రెండుసార్లు దారి తప్పినవాణ్ని మూడోసారి ఆపినా విలువ ఉంటుంది. ఆ ఒక్క వాక్యం వెనుక ఉన్న ఆలోచనే ఈ వృత్తికి ప్రాణమని నా అభిప్రాయం. ఇతర జైళ్ల నుంచి విడుదలైన అలాంటివారితో పోల్చి చూసినప్పుడు శిక్షల సంఖ్య 9 శాతం తగ్గినట్టు 2017లో తేలింది, లక్ష్యం 7.5 శాతమే కాబట్టి ఇన్వెస్టర్లకు సొమ్ము తిరిగి వచ్చింది.

కొలత బలహీనంగా ఉంటే ఏమవుతుందో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నడిచిన ప్రీస్కూల్ కార్యక్రమం చూపించింది. ప్రత్యేక విద్య అవసరం కావచ్చని ఒక పరీక్ష ద్వారా గుర్తించిన 110 మంది పిల్లల్లో ఒక్కరికే ఆ అవసరం పడిందని 2015లో ప్రకటించి, ఇన్వెస్టరుకు చెల్లింపు చేశారు. ప్రీస్కూల్ లేకపోయి ఉంటే ఆ పిల్లలందరికీ ప్రత్యేక విద్య అవసరమయ్యేదని ఎలా అనుకున్నారన్నది నిపుణులు లేవనెత్తిన అభ్యంతరం. పోల్చడానికి మరో బృందమే లేనప్పుడు ఆ విజయంలో ఎంత భాగం కార్యక్రమానిదో చెప్పడం కష్టం. (ఇంటర్వ్యూల్లో ఈ ఉదాహరణ గురించి అడిగితే, సమాధానం బట్టి అభ్యర్థి ఏపాటి ఆలోచనాపరుడో తెలిసిపోతుంది.)

కాబట్టి పీజీలో పబ్లిక్ పాలసీ గానీ, అప్లైడ్ ఎకనామిక్స్ గానీ తీసుకుని, స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్, సర్వేల రూపకల్పన మీద ఎక్కువ సమయం పెట్టండి; ఆర్ లేదా స్టాటా సాఫ్ట్‌వేర్ చేయి తిరిగేలా నేర్చుకోండి. కాంట్రాక్టు చట్టం మీద ఒక కోర్సు చేస్తే మంచిదే. ఫైనాన్స్ విషయానికొస్తే నగదు ప్రవాహాలు, రాబడి రేటు అర్థమైతే చాలు, మిగిలింది ఉద్యోగంలో వస్తుంది.

మొదటి ఉద్యోగం ఇన్వెస్టరునూ, ప్రభుత్వాన్నీ, సేవాసంస్థనూ కలిపి ఒప్పందం కుదిర్చే మధ్యవర్తి సంస్థలో దొరికితే గొప్పగానే ఉంటుంది గానీ, నన్నడిగితే మూల్యాంకన సంస్థలో క్షేత్రస్థాయి పనికో, సేవాసంస్థలో డేటా పర్యవేక్షణకో ముందు వెళ్లమంటాను. రాజస్థాన్‌లోని భీల్వాడా జిల్లాలో ఇలాంటి బాండు కిందే 2015 నుంచి మూడేళ్లు సాగిన ఎడ్యుకేట్ గర్ల్స్ అనే సేవాసంస్థ కార్యక్రమం రెండో ఏడాది ముగిసేసరికి పిల్లల అభ్యసన లక్ష్యంలో సుమారు సగం దగ్గరే ఉంది. ఎవరు ఎక్కడ వెనకబడ్డారో డేటాలో చూసి, పిల్లలను స్థాయిని బట్టి బృందాలుగా విడదీసి బోధించడం, బడికి రానివారి ఇళ్లకు వెళ్లడం వంటి మార్పులు చేశాక, చివరికి ఆ లక్ష్యంలో 160 శాతం సాధించారు. అలాంటి మార్పులు జరిగేచోట ఏడాది పనిచేసినవారికి, కాగితం మీద రాసిన లక్ష్యం సాధ్యమో కాదో చూడగానే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ప్రపంచమంతా కలిపినా ఇలాంటి బాండ్లు కొన్ని వందలకు మించవు. ఒక్కో ఒప్పందం కుదరడానికే చాలా కాలం పడుతుంది, ప్రభుత్వ విధానం మారితే మధ్యలో ఆగిపోవచ్చు కూడా. అందుకే ఈ ఒక్క పేరున్న ఉద్యోగాల కోసమే ఎదురుచూడకండి. పైన చెప్పిన నైపుణ్యాలు ఉన్నవారు ప్రభుత్వ శాఖల్లోనూ, దాతృత్వ సంస్థల్లోనూ, పరిశోధనా సంస్థల్లోనూ నిలదొక్కుకోగలరు.

ఈ సెలవుల్లోనే ఒక పని చేయవచ్చు. పీటర్‌బరో మూల్యాంకన నివేదికలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిని చదివి, పోలిక బృందాన్ని ఎలా ఎంచుకున్నారో, ఆ ఎంపికలో మీకు కనిపించిన లోపం ఏమిటో రెండు పేజీల్లో రాయండి. ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు ఆ రెండు పేజీలూ జతచేయండి.