తాళం తీసినా ఆరని కారు

సంక్రాంతికి ఒంగోలు వచ్చాను. కనుమ రాత్రి పదకొండు దాటాక మంచినీళ్లకని లేచి వరండాలోకి వస్తే ఎదురింటి ప్రహరీ గోడ ఎర్రగా మెరుస్తోంది. సందులో అన్నయ్య కారు ఉంది. తాళం ఇంట్లో మేకుకు వేలాడుతోంది, కారు వెనక బ్రేకు లైట్లు మాత్రం నిండుగా వెలుగుతున్నాయి.

అన్నయ్య కొడుకును లేపాను. వాడు ఆగస్టులో ఎమ్మెస్‌కి డల్లాస్ వెళ్తున్నాడు. ఫోను లైటు పట్టుకుని ఇద్దరం బ్రేకు పెడల్ కిందికి తలలు దూర్చాం. మ్యాట్ మీద చింతపిక్క పొట్టులా నాలుగు ప్లాస్టిక్ పెంకులు. పెడల్ కడ్డీకి ఉండే చిన్న బిళ్ల ఎండకు పెళుసెక్కి రాలిపోయింది. మనం కాలు తీసినప్పుడు ఆ బిళ్ల వెళ్లి స్విచ్ బొడిపెను నొక్కితేనే బ్రేకు లైటు ఆరుతుంది. బిళ్ల పోయాక అక్కడ చిల్లు మిగిలింది, బొడిపె అందులోకి దూరింది. ఎవరో బ్రేకు తొక్కే ఉన్నారని కారు అనుకుంటోంది. 21 వాట్ల బల్బులు రెండు, కలిపి మూడున్నర ఆంపియర్లు. బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. పది గంటల్లో ఖాళీ అయిపోతుంది. అప్పటికి ఆ చిల్లులో పొట్టి బోల్టు పెట్టి నట్టు బిగించాం, గోడ మీద ఎరుపు పోయింది. పొద్దున కర్నూలు రోడ్డుకు వెళ్లి కొత్త బిళ్ల తెచ్చాం.

"అక్కడ ఇట్లా అయితే ఎవరిని పిలవాలి చిన్నాన్నా?" అని అడిగాడు. మిషిగన్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. కొత్తగా వచ్చిన మన పిల్లలు ఈ విషయంలో డబ్బు ఎట్లా పోగొట్టుకుంటారో చాలాసార్లు చూశాను. అందుకే వాడికి చెప్పినదంతా మీకూ చెబుతున్నాను.

పదీ పన్నెండేళ్ల పాత కారు కొంటారు. ఒకరోజు పొద్దున సెల్ఫ్ తీసుకోదు. పక్కవాళ్ల కారు బ్యాటరీకి తీగలు కలిపి, అంటే జంప్ ఇచ్చి నడుపుతారు. రెండోసారి కొత్త బ్యాటరీ వేస్తారు. వారం తిరక్కుండా అదీ డౌన్. నా మొదటి చలికాలంలో నేనూ ఇట్లాగే రెండు బ్యాటరీలు మార్చాను. నాకు ముందు ఆ కారు వాడినవాళ్లు పెట్టించిన స్టీరియోకి, తాళంతో ఆరాల్సిన తీగను నేరుగా బ్యాటరీ లైనుకు కలిపేశారు. స్టీరియో తెర నల్లగానే ఉండేది, లోపల యాంప్లిఫయర్ మాత్రం రాత్రంతా మేలుకునే ఉండేది. కాబట్టి బ్యాటరీ మార్చేముందు దాన్ని తాగేస్తున్నది ఏదో పట్టుకోండి. ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల షాపుల్లో బ్యాటరీని, దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను ఉచితంగా పరీక్షించి చెబుతారు. ముందు అక్కడికి వెళ్లండి.

వెలిగే ప్రతిదీ జబ్బు కాదు. చాలా కార్లలో తాళం తీశాక కూడా తలుపు తెరిచేదాకానో, పది నిమిషాల వరకో రేడియో, అద్దాలు పనిచేస్తాయి. మీరు ఇంటి గుమ్మం చేరేదాకా హెడ్‌లైట్లు వెలిగి తర్వాత ఆరడమూ మామూలే. ఇంజన్ వేడిగా ఉంటే రేడియేటర్ ఫ్యాను కాసేపు తిరుగుతుంది. అరగంట తర్వాత కూడా ఏదైనా వెలుగుతుంటే, తిరుగుతుంటే అప్పుడు అనుమానించాలి.

మన దగ్గర గేర్ల బండి నేర్చుకున్న పిల్లలకు ఒక అలవాటు ఉంటుంది: గేరులో వదిలేసి హ్యాండ్ బ్రేకు లాగి దిగిపోవడం. ఆటోమేటిక్‌లో గేరు లివర్ పీ (పార్కింగ్) దగ్గరకు రాకుండా ఇంజన్ ఆపే బటన్ నొక్కితే, చాలా కార్లలో ఇంజన్ ఆగుతుంది కానీ కరెంటు పూర్తిగా ఆగదు, రేడియో లాంటివి నడిచే యాక్సెసరీ స్థితిలో ఉండిపోతుంది. బీప్ బీప్ అంటుంటే దాన్ని పట్టించుకోకుండా తలుపు వేసి వచ్చేస్తారు. పీలోనే పెట్టినా ఇదే జరుగుతుంటే లివర్‌ను ముందుకు గట్టిగా నెట్టి పట్టుకుని మళ్లీ బటన్ నొక్కి చూడండి. అప్పుడు ఆరిపోయిందంటే లివర్ కింద, పీలో ఉన్నామని కారుకు చెప్పే చిన్న స్విచ్ అరిగినట్టే. బటన్ కార్ల విషయంలో ఇంకొక్క మాట. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్‌లో ఇంజన్ ఆగి ఉన్నప్పుడు చప్పుడే ఉండదు, కారు ఆపేశామనుకుని గ్యారేజీలో వదిలి పడుకుంటారు. ఇంజన్ తనంతట తాను మొదలై పొగ ఇంట్లోకి వచ్చి అమెరికాలో ప్రాణాలు పోయాయి. గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటే ఆ పొగలోని విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టుకోండి.

కందుకూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి చికాగో నుంచి ఫోన్ చేసింది: "బాబాయ్, తాళం నా చేతిలోనే ఉంది. బ్రేకు తొక్కితే డాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి, కాలు తీస్తే ఆరిపోతున్నాయి." వినడానికి వింతగా ఉంటుంది కానీ తప్పు వెనక బల్బులో ఉంటుంది. పార్కింగుకు ఒకటి, బ్రేకుకు ఒకటి, ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు. ఒకటి తెగి రెండోదాని మీద పడితే బ్రేకు కరెంటు పార్కింగ్ లైనులోకి ఎదురు పారుతుంది. ఆ లైను మీదే డాష్‌బోర్డు లైట్లూ ఉంటాయి. 3157 నంబరు బల్బు ఉండాల్సిన చోట 3156 పెట్టినా ఇదే గొడవ, ఎందుకంటే అది ఆ హోల్డర్‌లో పట్టేస్తుంది. బల్బు మార్చాక ఆ అమ్మాయి కారు బాగైంది.

రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్ డబ్బీలు, కూడా ఇట్లాగే మోసం చేస్తాయి. లోపలి కాంటాక్టులు కాలి అతుక్కుపోతే తాళం తీసినా విడిపోవు. కారు ఆపి చాలాసేపైనా ఒక రిలే మాత్రం చేతికి వెచ్చగా తగిలితే దాన్ని అనుమానించండి. అదే నంబరున్న హారన్ రిలే పక్కనే ఉంటే ఒకదాని చోట ఒకటి మార్చి చూడండి.

కంటికి ఏమీ దొరక్కపోతే కరెంటు కొలిచే మల్టీమీటరు తీయాలి. డిక్కీ లైటు, గ్లవ్ బాక్సు లైటు, డాష్‌క్యామ్, ముందుగా ఇవన్నీ చూసుకోండి. తర్వాత తాళంచెవిని కారుకు దూరంగా పెట్టి, తలుపులన్నీ వేసి, ఓ గంట ఆగండి. లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత టైము పడుతుంది, చాలామంది ఇక్కడే తొందరపడతారు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మీటరు ఎర్ర వైరును పది ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, విప్పిన తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరును కలపాలి. తీగ విప్పి కలిపితే కంప్యూటర్లు మళ్లీ లేస్తాయి, కాబట్టి ఇంకోసారి ఓపిక పట్టాలి. 0.05 ఆంపియర్ లోపు ఉంటే మంచిదే. అర ఆంపియర్ ఉందంటే 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయిదు రోజుల్లో పూర్తిగా ఖాళీ, సెల్ఫ్ అంతకుముందే మానేస్తుంది. మీటరు ఉండగా కారు స్టార్ట్ చేయొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. ఏ లైనో తెలియాలంటే ఫ్యూజులు పీకక్కర్లేదు. ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మీద మీటరు ముళ్లు ఆనించి మిల్లీవోల్టులు చూడండి. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా వస్తుంది, సున్నా రానిదాని లైనునే అనుమానించాలి.

రాత్రిపూట బ్యాటరీ తీగ ఊడదీసి పొద్దున పెట్టుకోవడం పరిష్కారం కాదు. అట్లా తీసినప్పుడల్లా కంప్యూటరు చేసుకున్న స్వీయ పరీక్షలు చెరిగిపోతాయి, పొగ పరీక్ష ఉండే రాష్ట్రాల్లో కారు పాసవదు. చలి ఊళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. చార్జింగ్ పోయిన బ్యాటరీ గడ్డకట్టుకుపోతుంది. ఉబ్బినట్టు కనిపిస్తే జంప్ ఇవ్వకండి, పగలొచ్చు.

మెకానిక్ దగ్గరకు వెళ్తే మన మాటలు అక్కడ చెల్లవు. సెల్ఫ్ అంటే అర్థం కాదు, స్టార్టర్ అనాలి. ఎర్తును గ్రౌండ్ అంటారు, బానెట్టును హుడ్, డిక్కీని ట్రంక్. కారు ఆపాక కూడా బ్యాటరీని ఏదో తాగేస్తోందని చెప్పడానికి "పారాసిటిక్ డ్రా ఉంది, కొలిచి చూడండి" అనండి. ఎంత కొలిచారో అంకె అడగండి, రిపేరయ్యాక మళ్లీ కొలిపించండి.

కాలిన వాసన వస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. దూరంగా జరిగి అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. 2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా కలిపి అమెరికాలో 30 లక్షలకు పైగా కార్లను లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచాయి, అంటే రీకాల్ చేశాయి. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లో బ్రేకు ద్రవం కారి షార్టై, ఆపి ఉంచిన కారులోనూ మంటలు లేవొచ్చు కాబట్టి రిపేరయ్యేదాకా ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టమన్నాయి. మన పిల్లలు కొనే పాత కార్లలో అవీ ఉంటాయి. ముందద్దం కింద కనిపించే 17 అక్షరాల విన్ నంబరును (కారు గుర్తింపు నంబరు) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కొడితే రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. రిపేరుకు డబ్బు తీసుకోరు.

ఇంకా కారు కొననివాళ్లు సాయంత్రం చీకటి పడ్డాక చూడటానికి వెళ్లండి. టెస్ట్ డ్రైవ్ అయ్యాక ఆపి, తాళం వేసి, బేరం మాటలు అరగంట సాగదీయండి. ఆ తర్వాత కారు చుట్టూ ఒకసారి తిరిగి, అద్దంలోంచి డాష్‌బోర్డు చూడండి, ఫ్యాను చప్పుడు వినండి, వెనక గోడ మీద ఎరుపు పడుతోందేమో గమనించండి. మా వాడి చేత సందులో అన్నయ్య కారు చుట్టూ ఈ ప్రదక్షిణ రెండుసార్లు చేయించాను.