నాన్నగారి నెగటివ్‌లు ఒక పెట్టెడు, ఫోన్లో వేల ఫోటోలు: అన్నీ ఒకచోట సర్దడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

సాఫ్ట్‌వేర్ పేరు చివర్లో చెప్తాను గానీ, దానివల్ల అయ్యే పని తక్కువ. మీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్ళు ఎవరైనా ఉంటే, స్కానర్ కొనకముందే ఆ పెట్టె తీసుకెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. స్కానర్ వచ్చే ఏడాదైనా దొరుకుతుంది.

మాది చెన్నైలో వెస్ట్ మాంబళం. నాన్నకి యాషికా కెమెరా ఉండేది. ఆయన పోయాక అటక మీంచి దింపిన పెట్టె నిండా స్టూడియో కవర్లే. వాటి మీద తమిళంలో రాసిన బిల్లు నంబర్లు తప్ప తేదీలు లేవు. వాటిలో ఒక ఫోటో ప్రింటు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఏళ్ళుగా తిరుగుతోంది. అమ్మా నాన్నా మౌంట్ రోడ్డు పక్కన నిలబడి ఉంటారు, ఫ్రేము కొంచెం ఒరిగి ఉంటుంది. మా పెదనాన్నగారబ్బాయి దాని కింద ‘1969, పెళ్ళైన కొత్తలో’ అని రాశాడు. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. అంతే, అదే ఖాయమైపోయింది.

ఆ నెగటివ్ పట్టుకుని నంగనల్లూరులో ఉండే మా మేనత్త దగ్గరికి వెళ్ళాను. ట్యాబ్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, దాని మీద ఫిల్ము ముక్క పరిచి, ఫోన్ సెట్టింగుల్లో రంగులు తిరగేసే కలర్ ఇన్వర్షన్ ఆన్ చేసి కెమెరాలోంచి చూపించాను. అలా చూస్తే బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ మామూలు ఫోటోలా కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. అత్త కళ్ళజోడు సర్దుకుని చూసి, “పెళ్ళైన కొత్తేమిట్రా నీ మొహం! పక్కదాన్లో మీ అన్న గుండు చూడు” అంది. నిజమే. ఫిల్ము అంచున 14 అని ఉన్నది అమ్మానాన్నల ఫోటో, 15లో గుండుతో మా అన్నయ్య. వాడు పుట్టిందే 1972లో. “తిరుమలలో వాడి పుట్టువెంట్రుకలు తీయించుకొచ్చిన మర్నాడు కొత్త వంతెన చూద్దామని వెళ్ళాం. మీ నాన్న కెమెరా నా చేతికిచ్చి, కదపకు కదపకు అని ప్రాణం తీశాడు.” వాళ్ళ వెనక మూలగా కనిపించే గోడ జెమినీ ఫ్లైఓవర్‌ది. అది తెరిచిందే 1973లో. ఇన్నేళ్ళూ ఆ ఫోటో తీసింది ఎవరని మాలో ఒక్కరూ అడగలేదు.

ప్రింట్లు చెల్లాచెదురవుతాయి. నెగటివ్ అంచున ఉన్న నంబరు మాత్రం ఏ ఫోటో ముందో ఏది వెనకో చెప్పేస్తుంది. అందుకే ఏ కవర్లోది ఆ కవర్లోనే ఉంచండి. మనుషుల వారీగా, పండగల వారీగా విడదీయకండి. స్కాన్ ఫైలు పేరులో కవరు నంబరు, ఫ్రేము నంబరు ఉంటే చాలు. టి. నగర్‌లో ఒక షాపుకి ఒక కవరు స్కానింగ్‌కిచ్చాను. ముక్కలన్నీ కలిపేసి, ఫైళ్ళకి వాళ్ళిష్టమొచ్చిన నంబర్లు పెట్టి, మొహాలు నున్నగా చేసి ఇచ్చారు. అడిగితే షాపువాడు “సూపరా ఇరుక్కు సార్” (చాలా బాగుంది సార్) అన్నాడు. పైగా ప్రతి ఫైల్లోనూ స్కాన్ చేసిన రోజు తేదీయే. గూగుల్ ఫోటోస్‌లో వేస్తే మా తాతగారు మొన్నటి బిర్యానీ పక్కన చేరారు.

రంగులద్దే యాప్‌ల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. గ్రూపులో ఎవరో ఆ మౌంట్ రోడ్డు ఫోటోకి రంగులేస్తే అమ్మ చీర నీలమైంది. అది నేరేడుపండు రంగు చీరట, అత్త చెప్పింది. ఇప్పుడు పిల్లలంతా నీలమే అంటున్నారు.

మన ఊరి గాలికి ఫిల్ముకి బూజు పట్టడం ఖాయం. గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. ఏ కవరైనా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఆ ఫిల్ము చెడిపోతున్నట్టే. దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి, ముందు దాన్నే స్కాన్ చేయండి. 35 ఎంఎం నెగటివ్‌కి 2400 డీపీఐ (స్కానర్ అంగుళానికి ఎన్ని చుక్కలు చదవాలో చెప్పే లెక్క) చాలు, ఏడెనిమిది మెగాపిక్సెళ్ళ ఫోటో వస్తుంది. ఇంటికి వాడే స్కానర్లలో అంతకు మించి పెడితే ఫైలు బరువే పెరుగుతుంది. కాపీ ఒకటి వేరే ఏరియాలో ఉండే చుట్టాలింట్లో పెట్టండి. 2015 డిసెంబరు వరదలు చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు.

ఫోన్ ఫోటోల గొడవ చిన్నది, వాటికి తేదీ వాటిలోనే ఉంటుంది. కాకపోతే వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ తేదీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఇక సాఫ్ట్‌వేర్ అంటారా, కంప్యూటర్లో డిజీక్యామ్ (digiKam) వాడండి, ఉచితం. తీసిన తేదీ మార్చుకోవచ్చు, కింద తెలుగులో వివరం రాసుకోవచ్చు. ఆ వివరంలో ఫోటోలో ఎవరున్నారో రాసి ఊరుకోకండి, తీసిందెవరో కూడా రాయండి.