అయస్కాంతం లాగితే వచ్చే వేగం ఎక్కడిది?

ఎన్నిసార్లు ఇనుమును లాగినా అయస్కాంతం బలం తరగదు, మరి ఆ ఇనుముకు వచ్చే వేగం ఎక్కడిది, శక్తి కొత్తగా పుట్టదు, నశించదు అనే శక్తి నిత్యత్వ నియమం ఇక్కడ తప్పుతోందా అని కదా మీ ప్రశ్న. తప్పడం లేదు. పుస్తకంలో ఈ మాట చదివి నేను నమ్మలేదు. చదువుకునే రోజుల్లో ఒక వేసవి సెలవులంతా దానికే ధారపోశాను.

మొదట ఒక వాలుబల్ల కట్టాను. పైకొనలో అయస్కాంతం, దాని ముందు ఒక రంధ్రం. ఉక్కు గుండు పైకి ఎక్కాలి, రంధ్రంలోంచి కిందపడాలి, మళ్లీ ఎక్కాలి. అయస్కాంతాన్ని దగ్గరగా పెడితే గుండు రంధ్రాన్ని దాటి వెళ్లి అతుక్కునేది. దూరం జరిపితే ఎక్కేదే కాదు. ఆ రెంటికీ మధ్య చోటు కోసం మూడు వారాలు వెతికాను. 1648లోనే జాన్ విల్కిన్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు ఇలాంటి యంత్రాన్నే వర్ణించి, ఇది పనిచేయదని తేల్చాడని చాలా కాలం తరువాత తెలిసింది!

నా అనుమానం తీర్చింది మరో ఆట. గాడిలో నియోడిమియం అనే లోహం కలిసిన, చాలా బలమైన అయస్కాంతం ఒకటి పెట్టి, కుడివైపు వరుసగా రెండు ఉక్కు గుండ్లు అతికించాను. ఎడమవైపు నుంచి మరో గుండును మెల్లగా దొర్లించాను. టప్పున తగిలింది. కుడి చివరి గుండు బాణంలా దూసుకుపోయి గోడకు కొట్టుకుంది. మెల్లగా వచ్చినది అంత వేగంగా ఎలా వెళ్లింది? గెలిచాననే అనుకున్నాను.

మళ్లీ ఆడాలంటే అన్నిటినీ మొదటి స్థానాలకు చేర్చాలి. అక్కడ లెక్క తేలింది. కుడి చివరి గుండుకూ అయస్కాంతానికీ మధ్య ఇంకో గుండు ఉండేది కనుక దాని పట్టు వదులు, చిటికెన వేలితో ఊడదీయవచ్చు. ఎడమవైపు కొత్తగా వచ్చినది నేరుగా అయస్కాంతానికే అంటుకుంది. దాన్ని గోరు దూర్చి, పక్కకు జరిపి, పళ్లు బిగించి లాగాల్సి వచ్చింది. ఆ రెండు శ్రమల తేడాయే దూసుకుపోయిన గుండు వేగం. శబ్దానికీ వేడికీ పోయినది అందులోంచే పోయింది. నా చేతి కండరాలు ముందే కట్టిన సొమ్మును గుండు ఖర్చుపెట్టిందన్నమాట.

పైనుంచి రాయి పడితే భూమి అరిగిపోదు కదా, ఇదీ అంతే. ఆ శక్తి ఉండేది అయస్కాంతం చుట్టూ ఉన్న క్షేత్రంలో, అంటే దాని లాగుడు పనిచేసే చోటులో. 1 టెస్లా (క్షేత్రం బలానికి కొలమానం) క్షేత్రంలో ఘన సెంటీమీటరు గాలిలో సుమారు 0.4 జౌళ్ల శక్తి ఉంటుంది, అంటే 40 గ్రాముల బరువును మీటరు ఎత్తుకు లేపగలిగినంత. ఇనుము దగ్గరయ్యే కొద్దీ క్షేత్రంలోని శక్తి తగ్గి, అది వేగంగా మారుతుంది. ఎప్పుడూ ఎవరూ విడదీయని కొత్త అయస్కాంతం మాటేమిటంటారా? దాన్ని తయారుచేసేటప్పుడు తీగచుట్టలో భారీ విద్యుత్ ప్రవాహం పంపి అయస్కాంతీకరించారు, మొదటి పెట్టుబడి అదే. వేడికో, ఎదురు క్షేత్రానికో దాని బలం తగ్గవచ్చు కానీ, ఇనుమును లాగినందుకు బిల్లుగా మాత్రం కాదు.

మీరూ చేసి చూడండి. అయితే రెండు నియోడిమియం ముక్కల మధ్య వేలు పెట్టకండి. నా చూపుడు వేలి గోరు నల్లబడి, రెండు నెలలకు గానీ మామూలు కాలేదు.