సున్నా ప్రీమియం మెడికేర్ ప్లాన్‌లో చేరే ముందు

ప్రశ్న: అమెరికాలో ముప్ఫై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే మార్చి 18కి 65 నిండుతాయి, ఆ నెలాఖరుకే పదవీ విరమణ. షుగర్ ఉంది, ఐదేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. ఏటా చలికాలంలో మూడు నెలలు ఇండియాలో ఉంటాం. 65 నిండినవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌కు బదులు ప్రైవేటు అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకుంటే ప్రీమియం సున్నా అనీ, పళ్లకూ కళ్లద్దాలకూ కూడా డబ్బు వస్తుందనీ ఏజెంట్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. తీసుకోమంటారా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ స్టెంట్ అన్న మాట దగ్గర ఆగిపోయానండీ. మీ నిర్ణయమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ సున్నా సంగతి. అడ్వాంటేజ్‌లో చేరినా, మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చులు చూసే భాగమైన పార్ట్ బికి ప్రీమియం మీరు కట్టాల్సిందే. 2026లో అది నెలకు 202.90 డాలర్లు, ఆదాయం బాగా ఎక్కువుంటే ఇంకా పెరుగుతుంది. దానిపైన ప్రైవేటు కంపెనీ అడిగేది మాత్రమే సున్నా. మీ వైద్యం బాధ్యత తీసుకున్నందుకు ఆ కంపెనీకి ప్రభుత్వమే నెలనెలా డబ్బు ఇస్తుంది. ఆ డబ్బులోనే సర్దుకోవాలి కనుక తన నెట్‌వర్క్‌లోని, అంటే తనతో ఒప్పందం ఉన్న డాక్టర్ల దగ్గరకే వెళ్లమంటుంది, ఖరీదైన పరీక్షలకూ చికిత్సలకూ ముందస్తు అనుమతి కావాలంటుంది.

అలాగని మెడికేర్ ఒక్కదాన్నే నమ్ముకుని ఉండలేం. డాక్టర్ల ఖర్చుల్లో అది సాధారణంగా 80 శాతమే ఇస్తుంది, మిగతా 20 శాతానికి పైహద్దంటూ లేదు. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్న చికిత్సకు మెడికేర్ ఆమోదించిన బిల్లు లక్ష డాలర్లు అనుకోండి. మీ వాటా దాదాపు 20 వేలు. అడ్వాంటేజ్‌లో అయితే, నెట్‌వర్క్ లోపల ఏడాదికి మీ నుంచి 9,250 డాలర్లకు మించి తీసుకోకూడదు (ఇది 2026 పరిమితి, చాలా ప్లాన్లలో ఇంకా తక్కువే). జనవరి రాగానే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మెడికేర్ వదిలేసిన వాటాను భరించే ప్రైవేటు బీమాను మెడిగ్యాప్ అంటారు. మెడికేర్‌కు తోడుగా అందులో ప్లాన్ జి అనే రకం ఉంటే ఆ లక్షలో మీ చేతి నుంచి పోయేది డిడక్టిబుల్, అంటే బీమా మొదలయ్యే ముందు ఏటా మీరే కట్టే మొత్తం (2026లో 283 డాలర్లు) ఒక్కటే. అయితే మెడిగ్యాప్‌కు నెలనెలా విడిగా ప్రీమియం కట్టాలి, వయసుతో పాటు అదీ పెరుగుతూ పోతుంది. మందులకు పార్ట్ డి అనే బీమా వేరే తీసుకోవాలి.

ఇక స్టెంట్. 65 నిండి పార్ట్ బి మొదలైన నెల నుంచి ఆరు నెలల పాటు ఏ మెడిగ్యాప్ కంపెనీ కూడా మీ జబ్బులు చూపించి పాలసీ నిరాకరించకూడదు, ప్రీమియం పెంచకూడదు. గడువు దాటాక చాలా రాష్ట్రాల్లో ఆరోగ్య చరిత్ర అడుగుతారు. షుగర్, స్టెంట్ రెండూ ఉన్నవారిని కాదనడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. అడ్వాంటేజ్ నచ్చకపోతే ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 మధ్య మెడికేర్‌కు తిరిగి రావచ్చు, నిజమే. కానీ ఆ 20 శాతానికి అండ లేకుండా రావాల్సి రావచ్చు. ఏజెంట్లలో ఒక్కరైనా మీకు ఈ మాట చెప్పారా?

న్యూయార్క్, కనెక్టికట్ వంటి కొన్ని రాష్ట్రాల్లో ఈ చిక్కు లేదు. ఇక ఏ రాష్ట్రంలోనైనా, 65 నిండగానే నేరుగా అడ్వాంటేజ్‌లో చేరినవారు 12 నెలల్లోపు వెనక్కి వస్తే మెడిగ్యాప్ హక్కు నిలిచే ఉంటుంది. కానీ ఆ ఏడాదంతా ఒంట్లో బాగుంటే, ఆ నెట్‌వర్క్ మంచి చెడులు మీకు తెలిసేదెలా?

ఇండియా ప్రయాణాల గురించి ఒక మాట. అక్కడి వైద్యానికి మెడికేర్ డబ్బు ఇవ్వదు. ప్లాన్ జి అయితే ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు వచ్చిన అత్యవసర చికిత్సకు, 250 డాలర్ల డిడక్టిబుల్ పోను 80 శాతం ఇస్తుంది, జీవితకాలం మొత్తం మీద 50 వేల వరకు. మీరు ఉండేది మూడు నెలలు కనుక ప్రయాణ బీమా కూడా తీసుకోండి.

మెడిగ్యాప్ ప్రీమియం భరించగలిగితే, మీ ఆరోగ్యానికి నేను మెడికేర్‌తో పాటు ప్లాన్ జినే ఎంచుకోమంటాను. పళ్లకూ కళ్లద్దాలకూ అయ్యే ఖర్చు చేతి నుంచి పెట్టుకున్నా ఫరవాలేదు. భరించలేకపోతే అడ్వాంటేజ్ తీసుకోవడం తప్పేమీ కాదు. అప్పుడు మీ గుండె డాక్టరు ఆఫీసుకు మీరే ఫోన్ చేసి, ప్లాన్ పూర్తి పేరు చదివి వినిపించి, అది చెల్లుతుందో లేదో అడగండి. ఒకే కంపెనీకి పది ప్లాన్లుంటాయి, కంపెనీ పేరు ఒక్కటీ చెబితే చాలదు. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. అక్కడి సలహాదారులు కమీషన్ తీసుకోకుండా, ఉచితంగా మీ ఊరి ప్లాన్లన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు.

పార్ట్ బికి ఫిబ్రవరిలోపే దరఖాస్తు పెట్టండి. మార్చి 1న అది మొదలైతే, మీ ఆరు నెలలు ఆగస్టు 31తో ముగుస్తాయి.