టెక్ సందేహాలు: సప్లయర్ ఖాతా మారిందని మెయిల్ వస్తే...

ప్రశ్న: మాది తాడిపత్రిలో గ్రానైట్ పాలిష్ యూనిట్. కోత బ్లేడ్లకు వేసే డైమండ్ సెగ్మెంట్లు ఏళ్లుగా ఒకే చైనా కంపెనీ నుంచి తెప్పిస్తున్నాం. 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే పత్రం) కాపీ వచ్చాక కడతాం. ఈసారి బ్యాలెన్సు కట్టబోయే ముందు అదే మెయిల్ కింద కొత్త బ్యాంకు ఖాతాతో ఇన్‌వాయిస్ వచ్చింది. మా అకౌంట్స్ అబ్బాయి ఆర్డర్లు, పేమెంట్లు చూసే సాఫ్ట్‌వేర్‌లో ఖాతా మార్చాడు, నేను ఓకే చేశాను. ఇప్పుడు వాళ్లు డబ్బు రాలేదంటున్నారు. మా వెబ్ సాఫ్ట్‌వేర్ హ్యాక్ అయిందా?

జవాబు: హ్యాక్ సంగతి తర్వాత. ఇది చదువుతుండగానే బ్యాంకుకు ఫోన్ చేసి, ఆ పేమెంట్ యూఈటీఆర్ నంబరు (ప్రతి విదేశీ పేమెంట్‌కూ ఉండే గుర్తింపు నంబరు) చెప్పి, బ్యాంకుల మధ్య సందేశాలు నడిపే స్విఫ్ట్ ద్వారా రీకాల్, అంటే డబ్బు వెనక్కి పంపమనే అభ్యర్థన, పంపమనండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫిర్యాదు చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో దేశానికి పోతుంది.

ఇక మీరడిగింది. సాఫ్ట్‌వేర్‌లోకి ఎవరూ దూరి ఉండకపోవచ్చు. మీ మెయిల్‌లోనో, చైనా వాళ్ల మెయిల్‌లోనో దొంగ కూర్చుని ఉంటాడు. బిల్ ఆఫ్ లేడింగ్ వచ్చి, బ్యాలెన్సు కట్టే వేళకే కొత్త ఖాతా రావడం యాదృచ్ఛికం కాదు. రోజూ మీ ఉత్తరాలు చదువుతున్నవాడికే ఆ సమయం తెలుస్తుంది. మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తెరిచి చూడండి. ‘ఇన్‌వాయిస్’ అనే మాట ఉన్న ప్రతి ఉత్తరాన్నీ బయటి చిరునామాకు పంపే రూల్ ఒకటి అక్కడ దాక్కుని ఉండొచ్చు. దాన్ని తీసేయకుండా పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే మీ ఉత్తరాలు వాడికి అందుతూనే ఉంటాయి. పంపినవాళ్ల చిరునామాను కూడా అక్షరం అక్షరం చూడండి. ఇంగ్లిష్ ‘ఎం’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే కంటికి ఒకేలా కనిపిస్తాయి.

ఇదే ఫిర్యాదు బేతంచెర్ల నాపరాళ్ల వ్యాపారుల నుంచీ, కడప నుంచీ మళ్లీ మళ్లీ వస్తోంది. అందరూ పొరబడేది ఒక్కచోటే. మన దగ్గర యూపీఐలో పేరు కనిపిస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లకు కూడా ఖాతాదారు పేరు చూపించాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ అలవాటుతో విదేశీ పేమెంట్‌లో కూడా పేరు తేడా ఉంటే బ్యాంకే ఆపేస్తుందనుకుంటారు. అలా అనుకోవద్దు. అవతలి బ్యాంకు పేరు చూడకుండా ఖాతా నంబరు చూసి జమ చేసేయవచ్చు. దుబాయ్ లాంటి చోట్ల ఐబాన్ (దేశం కోడ్, చెక్ అంకెలు కలిపిన అంతర్జాతీయ ఖాతా నంబరు) ఉంటుంది, కానీ అందులోని చెక్ అంకెలు పట్టుకునేది టైపింగ్ తప్పునే. దొంగ ఇచ్చిన ఐబాన్ కూడా సరైన ఐబానే. చైనాలో అదీ లేదు.

నాకు కోపం తెప్పించేది ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ల తీరు. పర్చేజ్ ఆర్డర్‌లో వంద డాలర్లు పెంచాలంటే ఓనరు అనుమతి అడుగుతారు. మొత్తం డబ్బు ఎక్కడికి పోవాలో చెప్పే ఖాతా నంబరును మాత్రం ఎవరైనా ఒక్క క్లిక్‌తో మార్చేయొచ్చు! మీకు వచ్చిన ఓకే తెరలో కట్టాల్సిన మొత్తం కనిపించి ఉంటుంది, ఖాతా మారిందన్న హెచ్చరిక కనిపించి ఉండదు. ఇంకా ఘోరం, కొన్నింటిలో ఖాతా మార్చగానే పాత ఆర్డర్ల పీడీఎఫ్‌లు కూడా కొత్త నంబరుతోనే తెరుచుకుంటాయి. రేపు సైబర్ పోలీసులకు పాత కాగితం చూపిద్దామంటే ఉండదు. ఖాతా మార్పుకు రెండో మనిషి అనుమతి, ఎవరు ఎప్పుడు మార్చారన్న చరిత్ర, మార్చాక కొన్నాళ్లు పేమెంట్ ఆగడం, పంపేసిన ఆర్డర్ ఇక మారకపోవడం: ఇవి లేని సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా కట్టొద్దు.

వాడేవాళ్లకూ చెప్పాలి. ఓనరుకూ, అకౌంట్స్ అబ్బాయికీ, చెన్నైలో కస్టమ్స్ ఏజెంటుకూ ఒకే లాగిన్ ఇచ్చి, ఓటీపీ అడిగినప్పుడల్లా వాట్సాప్‌లో పంపుతుంటే ఇద్దరి అనుమతి ఉన్నా లేనట్టే. ఖాతా మారిందని మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు, మీ దగ్గర పాతకాలం నుంచి ఉన్న నంబరుకు ఫోన్ చేసి, మీకు గొంతు తెలిసిన మనిషితో మాట్లాడండి. ‘మా ఖాతా ఆడిట్‌లో ఉంది, వేరే దేశంలో ఉన్న ఖాతాకు వేయండి’ అన్నారంటే ఇక నమ్మే పనే లేదు. పోయిన డబ్బుతోనే కథ ముగియదు. సరుకు రాక, బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌లో వేసే పత్రం) లేకపోతే ఆ పేమెంట్, దిగుమతుల లెక్క చూసే రిజర్వు బ్యాంకు వ్యవస్థ ఐడీపీఎంఎస్‌లో మీ పేరున పెండింగ్‌గానే ఉండి, బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది. అందుకే ఫిర్యాదు నకలు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి.

ప్రశ్న: పులివెందుల నుంచి దుబాయ్‌కి అరటి పంపుతాం. ఇన్‌వాయిస్ కంటే ముప్పై, నలభై డాలర్లు తక్కువ జమవుతోంది. సాఫ్ట్‌వేర్‌లో బాకీ చూపిస్తోంది. ఇన్‌వాయిస్ మొత్తం తగ్గించి సరిచేయొచ్చా?

జవాబు: వద్దు. మధ్యలో బ్యాంకులు కోసుకున్న చార్జీలు అవి. షిప్పింగ్ బిల్లులో (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) ఒక మొత్తం, మీ ఇన్‌వాయిస్‌లో ఇంకో మొత్తం ఉంటే, ఎగుమతుల లెక్క చూసే రిజర్వు బ్యాంకు వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో బిల్లు మూతపడదు. తేడాను బ్యాంకు చార్జీల కింద రాయండి. డబ్బు ఎందుకు వచ్చిందో బ్యాంకుకు చెప్పే పర్పస్ కోడ్, అడ్వాన్సు అయితే పీ0103, సరుకు పోయాక వచ్చిందైతే పీ0102. ఇది బ్యాంకులో ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: కర్నూలులో చిన్న ఎగుమతి ఆఫీసు మాది. అప్‌డేట్ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో నెల ముందు, తేదీ తర్వాత వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: సెట్టింగ్స్‌లో ప్రాంతం ఇండియాకు మార్చండి, నెలను అక్షరాల్లో చూపే ఎంపిక ఉంటే అది పెట్టండి. చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రి సెట్టింగ్స్ మార్చే ఈ అప్‌డేట్లను నేను క్షమించలేను. ఆటల యాప్ రంగు మారితే ఎవరికీ నష్టం లేదు. ఎల్‌సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు కడతానని బయ్యరు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) మీద వ్యాపారం చేసేవాళ్లకు తేదీయే డబ్బు. ఎల్‌సీలకు అంతర్జాతీయ నియమావళి అయిన యూసీపీ 600 ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. ఆఖరి షిప్‌మెంట్ తేదీ 03/04 అంటే ఏప్రిల్ 3 అనుకుని లోడ్ చేస్తారు, ఎల్‌సీలో ఉన్నది మార్చి 4. సరుకు ఎంత బాగున్నా బ్యాంకు డిస్క్రెపెన్సీ (కాగితాల్లో తేడా ఉందని) రాస్తుంది, ధర తగ్గించమని బయ్యరు బేరం మొదలుపెడతాడు.

అప్‌డేట్ వచ్చాక ఇంకా మూయని ఆర్డర్లన్నిటినీ ఎల్‌సీ కాగితం పక్కన పెట్టుకుని చూడండి. 13, ఆపై తేదీలు తారుమారైతే చూడగానే దొరికిపోతాయి. 12 లోపువే కంటికి చిక్కవు, ముందు వాటిని వెతకండి.